ఎఱ్ఱకోట నుండి కొండదాక

చరిత్రను మనము సాధారణముగా కూర్చుండి చదువుదుము. రాజుల పేరులు, యుద్ధముల తేదులు, సంధిపత్రముల షరతులు గ్రంథములలో వరుసగా నుండును. చదివి ముగించి పుస్తకమును మరల గూటిలో పెట్టుదుము. కాని చరిత్రలో కొంతభాగము కాలినడకకు గాని లొంగదు. ఒక కోటను ఎచ్చట కట్టిరి, అచ్చటినుండి ఏది కనబడును, ఏది కనబడదు, ఆ కోటకు పోవు దారి ఎవరి పొలముల నడుమ పోవును అను సంగతులు పాదములకు తెలిసినట్లు కన్నులకు తెలియవు. అట్టి యొకనాటి నడకను గూర్చి యీ వ్యాసమున చెప్పదలచితిని. స్థలము వేల్సు దేశము. అది ఆంధ్రదేశమునకు మిక్కిలి దూరము. అయినను మన తాతల కాగితములు కొన్ని ఆ కొండలలోని యొక యింటి చరిత్రతో ముడివడియున్నవని నడచినకొలది నాకు తేటపడినది.

మా యింట నొక పాత చెక్కపెట్టె కలదు. అందు మా తాతగారి శిస్తు రసీదులు కొన్ని మిగిలియున్నవి. ఆయన కోస్తాలోని యొక జమీందారీ గ్రామమున రైతు. ఆ రసీదుల నెత్తిన అచ్చుపడియున్న మాట 'ఎస్టేటు'. చిన్ననాట ఆ మాటకు నేనెరిగిన యర్థమొక్కటే: శిస్తు కట్టవలసిన చోటు, కట్టలేనివాడు భయపడవలసిన చోటు. అనేక సంవత్సరములకు పిమ్మట వేల్సులోని వెల్ష్‌పూల్ పట్టణమున రైలు దిగి, పోవిస్ కోటకు దారి యేదని యొకరి నడుగగా, "ఈ వీథి చివరనే ఎస్టేటు మొదలగును, చక్కని దారి, చూచి ఆనందింపుడు" అని ఆయన చెప్పెను. ఆయన నోట ఆ మాటకు పచ్చికబయళ్ళు, లేళ్ళు, పురాతన వృక్షములు అని యర్థము. ఒకే మాట ఒక దేశమున భయమును, మఱియొక దేశమున ఆనందమును ఎట్లు సూచింపగలిగెనను ప్రశ్న ఆనాటి నడకలో నాకు తోడుగా వచ్చినది.

వెల్ష్‌పూల్ ఇంగ్లండు సరిహద్దునకు కొలది మైళ్ళలోనున్న చిన్న పట్టణము. బ్రిటను ద్వీపమున మిక్కిలి పొడవైన సెవర్న్ నది దాని ప్రక్కనుండి పారుచున్నది. నదికి పడమట నొక ఎఱ్ఱని రాతిగుట్టపై పోవిస్ కోట నిలిచియున్నది. తూర్పున లాంగ్ మౌంటెన్ అను పొడవైన కొండ అడ్డుగోడవలె నున్నది. ఈశాన్యమున బ్రైడెన్ కొండలు నిటారుగా లేచియున్నవి. వేల్సు ప్రజలకు ఇంగ్లీషుకంటె ప్రాచీనమైన స్వభాష కలదు. ఆ భాషలో ఈ పట్టణమునకును, ఈ కోటకును, ఈ కొండలకును వేరు పేరులు కలవు. కోటను వారు ఎఱ్ఱకోట యందురు. దారి చూపు పలకలపై రెండు భాషలును ప్రక్కప్రక్కన వ్రాయబడియున్నవి. ఇది సులభముగా లభించిన గౌరవము కాదు. 1536లో ఎనిమిదవ హెన్రీ కాలమున చేసిన చట్టము వేల్సును ఇంగ్లండులో కలిపి, న్యాయస్థానములలో ఇంగ్లీషునే వాడవలెనని నిర్ణయించినది. 19వ శతాబ్దమున కొన్ని బడులలో స్వభాష మాటాడిన పిల్లవాని మెడలో చెక్కముక్క వ్రేలాడదీసి అవమానించెడివారు. 1993లోను 2011లోను చేసిన చట్టముల వలన ఆ భాషకు తగిన స్థానము తిరిగి వచ్చినది. తమ భాషకై పాటుపడిన మనవారికి ఈ కథ పరాయిది కాదు.

పట్టణమునుండి కోటకు ఇంచుమించు ఒక మైలు దూరము. దారి వృక్షముల నడుమ మెల్లగా ఎక్కును. ఓకు చెట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క పల్లెరచ్చవలె కొమ్మలు చాచియుండును. వాని మొదళ్ళు మన ఊరి రావిమొదళ్ళను జ్ఞప్తికి దెచ్చును. పచ్చికలో గొఱ్ఱెలు మేయుచుండును. మలుపు తిరుగగానే ఎఱ్ఱని గోడలు ఆకుల సందున ఒక్కసారి కనబడును. ఇంతవరకు అంతయు శాంతము. కాని యీ కోట పుట్టుక శాంతమైనది కాదు.

13వ శతాబ్దమున ఉత్తర వేల్సు రాజగు లెవెలిన్ దేశమునంతటిని ఏకము చేయ ప్రయత్నించెను. పోవిస్ సీమ నేలుచున్న గ్రిఫిద్ అను రాజు వానితో పొసగక, 1274లో రాజ్యము గోల్పోయి ఇంగ్లండునకు పోయి శరణు చొచ్చెను. 1277లో ఇంగ్లండు రాజగు మొదటి ఎడ్వర్డు దండెత్తి లెవెలినును లొంగదీసినప్పుడు గ్రిఫిద్ తన సీమకు తిరిగివచ్చి, ఆ రాజు అనుమతితో ఈ కోటను కట్టుకొనెను. 1282లో లెవెలిన్ యుద్ధమున మడిసెను. గ్రిఫిద్ కుమారుడు రాజబిరుదమును వదలుకొని ఇంగ్లీషు ప్రభువుగా భూమిని నిలుపుకొనెను. వేల్సులో పేరుపడిన కోటలు అనేకము జయించిన ఇంగ్లీషు రాజు కట్టించినవి. ఇది వేల్సు రాజు తానే కట్టుకొన్నది. అయినను దాని పునాదిలోనే ఒక బేరమున్నది: రాజ్యము పోయినను ఎస్టేటు మిగులవలెను. మన దేశమున కంపెనీవారి దర్బారులలో పూర్వపు రాజులు చేసికొన్న బేరము కూడ ఇదియే కదా. అన్నదమ్ముల వైరమున పరాయివానిని పిలిచిన కథ ఒక్క దేశపు సొత్తు కాదు.

1587లో సర్ ఎడ్వర్డు హెర్బర్టు అను ప్రభువు ఈ కోటను కొనెను. ఆయన వంశీకులు దీనిని యుద్ధపు కోటగా గాక నివాసపు మేడగా మార్చిరి. 1680 తరువాతి దశాబ్దములలో కోట క్రింది రాతిచరియను తొలిచి మెట్లు మెట్లుగా తోటలను అమర్చిరి. ఆ తోటలే నేడు పోవిస్ కోటకు ప్రధానమైన కీర్తి. ఒక్కొక్క అంతస్తు పొడవైన అరుగువలె నుండును. అరుగు అంచున సీసముతో పోసిన గొల్లపిల్లల బొమ్మలు నృత్యము చేయుచుండును. పై అంతస్తున మూడువందల యేండ్లనుండి పెరుగుచున్న యూ చెట్లు కత్తిరింపబడి కత్తిరింపబడి, మేఘములు నేలకు దిగినట్లు గుండ్రముగా, గోడపైనుండి పొరలి వచ్చుచున్నట్లుండును. కొన్నిచోట్ల ఆ చెట్ల కంచె మనుష్యునికి ఐదింతల ఎత్తు కలదు. 18వ శతాబ్దమున ఇంగ్లండులో తోటల పద్ధతి మారి, ఇట్టి కొలతల తోటలను అనేకచోట్ల చెరిపి పచ్చికబయళ్ళుగా మార్చిరి. ఇచ్చట అది జరుగలేదు. కావున ఇట్టిది బ్రిటనులో అరుదైనది. 1911 నుండి నాలుగవ ఎర్లు భార్య వయొలెట్ ఈ తోటను తన పర్యవేక్షణలో తిరిగి తీర్చిదిద్దెను.

ఈ సౌందర్యమును చూచి సంతోషింపకుండుట అసూయ యగును. నేను సంతోషించితిని. అంతేకాక న్యాయముగా చెప్పవలసిన మాట యొకటి కలదు: ఈ తోటలను అమర్చిన కాలమునకు క్లైవు పుట్టనైన లేదు. ఇచ్చటి ప్రతి రాయియు హిందూదేశపు ధనముతో పేర్చినదని తలచుట తప్పు. హిందూదేశము ఈ యింటికి వచ్చినది అటుపిమ్మట, ఒక పెండ్లి ద్వారమున.

రాబర్టు క్లైవు 1725లో ఇచ్చటికి పొరుగున నున్న ష్రాప్‌షైరు సీమలో జన్మించెను. 1757 జూన్ 23న ప్లాసీ యుద్ధమైన పిమ్మట క్రొత్త నవాబు మీర్ జాఫరు నుండి ఆయన స్వంతముగా స్వీకరించిన ధనము రెండు లక్షల ముప్పదినాలుగు వేల పౌనులు. ఇది గాక ఏటేట ఇరువదియేడు వేల పౌనుల జాగీరు. మన ప్రాంతమునకును ఆయనకును గల సంబంధము మఱుసటి యేటనే మొదలయినది. 1758లో విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిపై సహాయము కోరగా, క్లైవు వంగదేశమునుండి కర్నల్ ఫోర్డును సేనతో ఓడలమీద విశాఖపట్టణమునకు పంపెను. ఆ డిసెంబరున చందుర్తియొద్ద ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో బందరు పడిపోయెను. 1765 ఆగస్టు 12న ఢిల్లీ పాదుషా షా ఆలము నుండి వంగ, బీహారు, ఒరిస్సాల దివానీని క్లైవు పొందెను. ఉత్తర సర్కారులను కంపెనీకిచ్చుచు ఫర్మానా కూడ ఆ సందర్భముననే లభించెను. సర్కారులలోని రైతులలో ఒక్కని నైనను ఎవరును అడుగలేదు. అడుగవలెనను తలంపు పాదుషాకును లేదు, కంపెనీకిని లేదు.

క్లైవు 1774లో మరణించెను. ఆయన పెద్దకుమారుడు ఎడ్వర్డు క్లైవు 1784లో పోవిస్ ప్రభువు కుమార్తె హెన్రియెట్టాను వివాహమాడెను. హెర్బర్టు వంశమునకు ప్రాచీనమైన పేరు కలదు, అప్పులును కలవు. క్లైవు వంశమునకు ధనము కలదు, ప్రాచీనత లేదు. ఇరువురకును కావలసినది ఇరువురియొద్దను దొరకినది. 1801లో హెన్రియెట్టా సోదరుడు సంతతి లేక మరణింపగా ఎస్టేటు ఆమె కుమారునికి సంక్రమించెను. 1804లో ఎడ్వర్డు క్లైవునకు పోవిస్ ఎర్లు బిరుదము లభించెను. శిథిలమగుచున్న కోటను క్లైవుల ధనము నిలువబెట్టినది.

కోటలో క్లైవుల సేకరణమునకు ప్రత్యేకమైన గది కలదు. హిందూదేశమునుండియు తూర్పుదేశములనుండియు వచ్చిన వస్తువులు వేయికి పైగా ఈ కోటలో నున్నవి. ఏనుగుదంతపు చదరంగపు పావులు, కత్తులు, హుక్కాలు, దేవతావిగ్రహములు అద్దపు బీరువాలలో మెరయుచున్నవి. ప్లాసీలో సిరాజుద్దౌలా విడిచిపోయినదని చెప్పబడు పల్లకి యొకటి కలదు. 1799 మే 4న శ్రీరంగపట్టణము పడి టిప్పు సుల్తాను మరణించిన పిమ్మట, ఆయన సింహాసనమును ముక్కలు చేసి పంచుకొనిరి. ఆ ముక్కలలో నొకటి, రత్నములు పొదిగిన బంగారు పులితల, ఇచ్చట నున్నది. టిప్పుదని ప్రసిద్ధమైన గుడారము ఇంకొకటి. పూలకుండీల అద్దకము గల ఆ గుడ్డ నేటికిని వన్నె తరుగలేదు. దానిని ఈ వంశమువారు పిమ్మటి కాలమున తోటలోని విందులకు వాడుకొనిరి. యుద్ధమున ఒక రాజు తలదాచుకొన్న నీడలో తరువాతివారు తేనీరు త్రాగిరి.

ఆ గదిలో కాపుగా కూర్చున్న వృద్ధురాలు నన్ను చూచి, "మీరు హిందూదేశమున ఏ ప్రాంతమువారు?" అని అడిగెను. నేను ఆంధ్రదేశపు తీరమని చెప్పి, పటములో చోటు చూపితిని. "మీ ప్రాంతపు వస్తువేదైనను ఇచ్చట నున్నదా?" అని ఆమె ప్రేమతో మఱియొక ప్రశ్న వేసెను. గది నాలుగుమూలలను వెదకితిని. ఇది మాది యని నేను వ్రేలు పెట్టి చూపదగిన దేదియు నాకు కనబడలేదు. లేదని చెప్పితిని. వెలుపలికి వచ్చి తోట అరుగుమీద కూర్చున్న పిమ్మట నా యుత్తరము సగమే నిజమని తోచినది. మా ప్రాంతమును ఈ యింటితో ముడివేసినది వస్తువు కాదు, కాగితము. కాగితమును ఎవరును అద్దపు బీరువాలో పెట్టి చూపరు.

ఎడ్వర్డు క్లైవు 1798 నుండి 1803 వరకు చెన్నపట్టణపు గవర్నరు. గవర్నరు జనరలు వెల్లెస్లీ మాటయే అప్పుడు ప్రధానము. కావున జరిగినదంతయు క్లైవు బుద్ధిబలమనుట సరికాదు. అయినను ఆ యైదేండ్లలో తెలుగుదేశపు పటము ఆయన పాలనలోనే మారిపోయినది. 1800లో నిజాము తన సంరక్షణ సేనల ఖర్చునకు బదులుగా కడప, బళ్ళారి సీమలను కంపెనీకి దత్తము చేసెను. నేటి రాయలసీమలో పెద్దభాగము అట్లు చేజారినది. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యము కంపెనీ వశమై, నెల్లూరు సీమయు చిత్తూరు ప్రాంతమును దానితో వచ్చినవి. 1802లో ఇరువదియైదవ రెగ్యులేషను మూలమున శాశ్వత పైసలా పద్ధతి చెన్నరాజధానిలో ప్రవేశించి, ఉత్తర సర్కారులలో అమలునకు వచ్చినది.

ఈ చివరి సంగతిని కొంచెము వివరింపవలెను. మన యిండ్లలో దాని పేరు తెలిసినంతగా దాని పని తెలియదు. పూర్వపు జమీందారులు కంపెనీకి చెల్లింపవలసిన పేష్కషును ఎన్నటికిని మారకుండ నిర్ణయించి, వారికి భూమిపై యాజమాన్యపు సనదు లిచ్చిరి. జమీందారులు లేని హవేలీ భూములను ముఠాలుగా విభజించి వేలము వేసి అమ్మిరి. కంపెనీకి రావలసినది శాశ్వతముగా స్థిరపడినది. రైతు ఇయ్యవలసినది మాత్రము అట్లు స్థిరపడలేదు. బకాయిపడిన రైతు పంటను, పశువులను న్యాయస్థానమునకు పోకుండగనే జప్తు చేయు అధికారము భూస్వామికి లభించెను. పేష్కషు చెల్లింపలేని భూస్వామి ఎస్టేటు వేలమునకు వచ్చెను. కొన్నవాడు తన మూలధనమును తిరిగి రాబట్టుకొనుటకు మరల రైతుమీదనే పడెను. తరతరములుగా దున్నినవాడు ఒక్క శాసనముతో ఇంకొకని భూమిలో కౌలుదారువంటివాడయ్యెను. మా తాతగారి రసీదుపై అచ్చుపడిన 'ఎస్టేటు' అను మాటకు వంశవృక్షము వ్రాయవలసివచ్చినచో, అది ఈ 1802 వరకు పోయి, ఆ శాసనము వెలువడిన గవర్నరు పేరున ఆగును. ఆ గవర్నరు తిరిగివచ్చి కాపురమున్న సీమలోని తోటలోనే నేను కూర్చుండియుంటిని.

ఒక స్పష్టత చేయవలెను. సర్కారుల శిస్తు తిన్నగా ఈ కోటకు వచ్చినదని నేను చెప్పుటలేదు. అది కంపెనీ ఖజానాకు పోయినది. కాని ఒకే వంశపు చేతులలో రెండు విధములైన ఎస్టేటులు రూపము పొందినవి. ఒకటి నిలువబెట్టి అందగించుటకు. రెండవది వసూలు చేయుటకు. మొదటిదానిని చూచి రెండవది స్ఫురింపకపోవుటయే ఈ సౌందర్యములోని చిక్కు.

ఆ కాలముననే ఇంకొక ప్రయాణము జరిగినది. 1800 మార్చిలో హెన్రియెట్టా తన యిద్దరు కుమార్తెలతోను, ఆనా తొనెల్లి అను ఇటాలియను చిత్రకారిణితోను చెన్నపట్టణమునుండి బయలుదేరి, మైసూరు, కోయంబత్తూరు, తంజావూరుల మీదుగా వేయిమైళ్ళకు పైగా తిరిగి అక్టోబరులో మరలి వచ్చెను. ఆ కాలపు ఇంగ్లీషు స్త్రీలలో అట్టి యాత్ర అరుదు. ఆమె రాళ్ళను, మొక్కలను సేకరించెను. పండ్రెండేండ్లు దాటిన చిన్నకుమార్తె షార్లెట్ దినచర్య వ్రాసెను. ఆమె విద్యాసక్తిని మనము మెచ్చుకొనవలసినదే. అయినను ఆ ప్రయాణము ఏనుగులమీదను, పల్లకీలలోను సాగినది. పల్లకిలోనివారు దేశమును చూతురు. పల్లకి మోసినవారికి దేశము తగులును. ఈ భేదము జ్ఞప్తికి రాగా నేను లేచి నడక సాగించితిని.

కోటనుండి పట్టణమునకు దిగి, మాంట్‌గోమరీ కాలువగట్టు వెంబడి ఉత్తరముగా పోయి, సెవర్న్ నదిమీది వంతెన దాటినచో బటింగ్టన్ అను పల్లె వచ్చును. 893లో డేనుల సేన ఇచ్చట నది యొడ్డున చిక్కుకొనగా, ఇంగ్లీషువారును వేల్సువారును కలిసి ముట్టడించి ఓడించిరి. ఎల్లకాలము కలహించిన యిరుగుపొరుగువారు ఒకనాడు ఏకమైన చోటు గనుక దీనిని పేర్కొనుచున్నాను. ఇచ్చట ఓఫా కట్ట వెంబడి పోవు కాలిబాట కలియును. 8వ శతాబ్దమున మెర్షియా రాజగు ఓఫా తన రాజ్యమునకును వేల్సునకును నడుమ త్రవ్వించిన కందకమును మట్టికట్టయు నేటికిని పలుచోట్ల నిలిచియున్నవి. 1971లో తెరచిన ఈ బాట 177 మైళ్ళ పొడవున సముద్రమునుండి సముద్రమునకు పోవును. విడదీయుటకు కట్టిన కట్ట ఇప్పుడు నడచువారిని కలుపుచున్నది.

అక్కడినుండి లాంగ్ మౌంటెన్ ఎక్కుట మొదలగును. బాట రైతుల పొలముల నడుమనే పోవును. కంచెలకు చెక్కమెట్లు, చిన్న తలుపులు అమర్చియుందురు. తలుపు తీసినవాడు తిరిగి వేయవలెను, పశువులను బెదరింపరాదు, పైరు త్రొక్కరాదు. ఈ మర్యాదలు పాటించినచో ఆ భూమి ఎవరిదైనను నిన్ను ఆపువాడు లేడు. నాకన్న ముందు ఒక కుటుంబము నడచుచుండెను. ఆరేండ్ల బాలిక తాను తీసిన తలుపును తానే మూసి, గొళ్ళెము పడినదో లేదో రెండుమారులు చూచెను. పౌరవిద్య పుస్తకములేకుండ నేర్చుకొనుట అట్లుండును.

సుమారు పదమూడు వందల అడుగుల ఎత్తున, కొండ నెత్తిన, ఇనుపయుగపు మట్టికోట యొకటి కలదు. దానిని బీకన్ రింగ్ అందురు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకమునకు గుర్తుగా ఆ వలయములో ఆమె పేరులోని అక్షరముల ఆకారమున చెట్లు నాటిరి. ఆకాశమునుండి చూచినవారికే ఆ యక్షరములు కనబడును. నడచివచ్చినవానికి అది వట్టి తోపు. ఈ కొండమీదనే 1485 ఆగస్టులో హెన్రీ ట్యూడరును అతని వేల్సు అనుచరులు కలిసికొనిరి. కొలది దినములలో బాస్వర్తు యుద్ధమున గెలిచి అతడు ఇంగ్లండు రాజయ్యెను. తమ నెత్తురు గల రాజు వచ్చెనని వేల్సువారు సంతోషించిరి. న్యాయస్థానములనుండి వారి భాషను తొలగించినది ఆ రాజు కుమారుడే.

కొండవాలునుండి చూచినచో సెవర్న్ లోయ యంతయు కాలిక్రింద పరచుకొనియుండును. ఉత్తరమున బ్రైడెన్ శిఖరమున అడ్మిరలు రాడ్నీ పేర నిలిపిన రాతికంబము కనబడును. ఈ సీమ ఓకు చెట్లు యుద్ధనౌకల కొరకు నదిమీద బ్రిస్టలునకు పోయెడివి. కంబము ఆ నౌకాధిపతికి, 1780 తరువాతి తొలియేండ్లలో, ఈ సీమ పెద్దమనుష్యుల కానుక. కొండ పడమటి వాలున లైటన్ అను ఇంకొక ఎస్టేటు కలదు. 19వ శతాబ్దమున దానిని తీర్చినవాడు లివర్పూలు బ్యాంకు వంశమునకు చెందిన జాన్ నేలర్. ఆ బ్యాంకును స్థాపించిన థామస్ లేలండు బానిసల వర్తకమున ధనికుడైనవాడు. నేలర్ కాలమున నాటిన అమెరికా రెడ్‌వుడ్ చెట్లు ఇప్పుడు ఆకాశము నంటుచున్నవి. కొండమీదనుండి ఒక్క చూపులో ఈ మూడును కనబడును. లోయకు ఆవల పోవిస్ కోట బొటనవ్రేలి గోరంత ఎఱ్ఱని చుక్కగా నుండును. అరుగుమీద కూర్చున్నప్పుడు లోకమంతయు ఆ తోట చుట్టు అమర్చినట్లు తోచినది. కొండమీదికి వచ్చినపుడు ఆ తోటయే లోకములో నొక చిన్నభాగమని తెలిసినది. ఎస్టేటును ఎస్టేటు అరుగునుండి గాక కొండమీదినుండి చూడవలెను.

ఈ కొండలలో సామాన్యునికి స్వేచ్ఛగా నడచు హక్కు దానంతట వచ్చినది కాదు. 1932 ఏప్రిలు 24న ఇంగ్లండులోని కిండర్ స్కౌట్ కొండమీదికి వందలకొలది పనివారు భూస్వాముల నిషేధమును ధిక్కరించి నడచిరి. వారిలో కొందరు చెరసాలకు పోయిరి. 1949లో గ్రామసీమల ప్రవేశమును గూర్చిన చట్టము, 2000లో కొండలు బయళ్ళలో నడచు హక్కును విస్తరించిన చట్టము వచ్చినవి. ఇవి ఇంగ్లండునకును వేల్సునకును వర్తించును.

మన దేశమున అంతకన్న గొప్ప నడక యొకటి జరిగినది. దానిని మన పిల్లలకు తగినంతగా చెప్పుటలేదు. రెండువేలకు పైగా రైతులు ఇచ్ఛాపురమునుండి బయలుదేరి, తొమ్మిది జిల్లాల మీదుగా, 130 దినములు, 1,500 మైళ్ళకు పైగా నడిచిరి. దారిపొడుగున సభలు జరిపి, రైతులయొద్ద వేయికి పైగా అర్జీలు సేకరించి, 1938 మార్చి 27న చెన్నపట్టణమున శాసనసభకు సమర్పించిరి. అదే సంవత్సరమున టంగుటూరి ప్రకాశము పంతులు అధ్యక్షతను జమీందారీ పద్ధతిని విచారించిన సంఘము తన నివేదిక నిచ్చినది. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చినది. 1802లో ఒక కాగితము పోగొట్టిన దానిని తిరిగి తెచ్చుటకు నూటనలువదియారు సంవత్సరములు పట్టినది. అంతమంది అంతదూరము నడువవలసివచ్చినది.

నాలుగేండ్ల పిమ్మట, 1952లో, పోవిస్ కోట నాలుగవ ఎర్లు మరణముతో నేషనల్ ట్రస్టు అను ప్రజాసంస్థకు చేరినది. ఒక ఎస్టేటు చట్టముచేత రద్దయినది. రెండవది దానముచేత ప్రజల పరమైనది. 2020లో ఆ సంస్థయే తన యధీనములోని 93 స్థలములకు వలస రాజ్యముతోను బానిసత్వముతోను గల సంబంధములను వెల్లడించుచు నివేదిక ప్రకటించెను. అందు పోవిస్ పేరును కలదు. దానిపై ఆ దేశమున పెద్ద వివాదము చెలరేగెను. తమ అందమైన ఇండ్లను నిందించుచున్నారని కొందరు కోపించిరి. నిజమును చెప్పిన మాత్రమున తోట వాడిపోదు. యూ చెట్లు మూడువందల యేండ్లు ఓర్చినవి. ఒక పలకమీది నాలుగు పంక్తులను ఓర్వలేవా?

ఈ ప్రశ్నను వారికి వేసి ఊరకొన్నచో మన సంస్కార మసంపూర్ణమగును. మన విజయనగరము, బొబ్బిలి, వెంకటగిరి కోటలను మనము ఎట్లు చూచుచున్నాము? కత్తులను, పటములను, పల్లకీలను చూచి, వీరుల కథలు విని ఇంటికి వచ్చుచున్నాము. ఆ పల్లకీలను మోసినవారి పేరులు, ఆ గోడలకు శిస్తు కట్టినవారి పేరులు అక్కడ ఏ పలకమీదనైనను వ్రాసితిమా? జమీందారులలో విద్యాదానము చేసినవారు, కవిపండితులను పోషించినవారు కలరు. వారి కీర్తిని తగ్గింపనక్కరలేదు. ఆ ధర్మకార్యమునకు ధాన్యము ఏ కళ్ళమునుండి వచ్చెనో దానిప్రక్కనే వ్రాయుదము. పరాయివానివద్ద ఏ సత్యమును కోరుదుమో ఆ సత్యమును మన యింటిలో ముందు చెప్పుకొనుట న్యాయము.

సాయంకాలమునకు కొండ దిగి పట్టణము చేరితిని. మఱునాడు మరలి వచ్చునప్పుడు నాతో తెచ్చుకొన్నది ఒక్క నిశ్చయమే. ఇంటికి వచ్చి చెక్కపెట్టె తెరచి, మా తాతగారి రసీదులలో చిరుగని దానిని తీసి, అద్దము బిగించి, నడవలో పిల్లల కంటియెత్తున గోడకు తగిలించితిని. ఇప్పుడు వారు దానిని చదివి, "ఎస్టేటు అనగా నేమి?" అని అడుగుచున్నారు. కూర్చుండి చెప్పుట మానితిని. సెలవునాడు వారిని వెంటబెట్టుకొని మా ఊరి పొలము గట్టుమీదికి పోయి, నడచుచు చెప్పుచున్నాను.